పద్యంలో ఏ మాట చూసి అంటున్నావు?
కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ ఒకే క్లాసు గది నుంచి వచ్చినట్టున్నాయి. బల్లకు ఇటు నిలబడి అడిగినవి కొన్ని, అటు కూర్చుని అడిగినవి కొన్ని. జవాబుల్లో ఎక్కువగా ఒకే పద్యాన్ని ఉదాహరణగా తీసుకున్నాం. ఎనిమిది పంక్తులదే కాబట్టి పుస్తకం చేతిలో లేనివాళ్లు కూడా వెంట రావచ్చు.

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకు ఇంగ్లీషు పద్యాలు చెప్తాను. నేను చెప్పిన అర్థం రాసుకుంటారు, పరీక్షలో అదే నాకు తిరిగొస్తుంది. 'మీరేమనుకుంటున్నారు?' అంటే తలలు దించుకుంటారు. సిలబస్‌లో మాత్రం 'విమర్శనాత్మక ఆలోచన' లక్ష్యమని రాసి ఉంది. 50 నిమిషాల్లో అది ఎలా సాధ్యం? (ఒక అధ్యాపకురాలు)

చిక్కు వరుసలో ఉందండీ. అర్థం మీరు చెప్పేశాక అడిగితే, వాళ్లు అనుకోవడానికి ఏం మిగిలింది? పైగా 'మీరేమనుకుంటున్నారు' అన్నది చూడటానికి స్వేచ్ఛలా ఉంటుంది గానీ పట్టుకోవడానికి ఒక్క కొమ్మ కూడా ఇవ్వదు. 'ఏ మాట చూసి అలా అనిపించింది?' అన్న ప్రశ్నకైతే పద్యంలో వేలు పెట్టి చూపించవచ్చు.

వర్డ్స్‌వర్త్ 1800లో అచ్చు వేసిన 'ఎ స్లంబర్ డిడ్ మై స్పిరిట్ సీల్' తీసుకోండి. దానికి వేరే శీర్షిక లేదు, మొదటి పంక్తే పేరు. మొదటి నాలుగు పంక్తుల సారం: ఏదో మగత నా మనసును కమ్మేసింది, మనుషులకుండే భయాలు నాకు లేకుండా పోయాయి, ఈ లోకపు ఏళ్ల తాకిడి తెలియని వస్తువులా ఆమె అనిపించింది. తర్వాతి నాలుగు: ఇప్పుడామెకు కదలిక లేదు, బలం లేదు, వినదు, చూడదు. భూమి రోజూ తిరిగే తిరుగుడులో బండలతో, రాళ్లతో, చెట్లతో పాటు తిరుగుతోంది.

50 నిమిషాలను ఇలా పంచండి. మొదటి 5 నిమిషాలు పద్యం ఒక్కటే కాగితం మీద ఇవ్వండి. కవి పేరు, సంవత్సరం వద్దు. మీరు రెండుసార్లు పైకి చదవండి, రెండోసారి నెమ్మదిగా. తర్వాత 8 నిమిషాలు ఎవరి పెన్సిలు వాళ్లది, మాటల్లేవు. తెలియని మాట చుట్టూ సున్నా, మళ్లీ మళ్లీ వచ్చినదాని కింద గీత, ఏదైనా మారిన చోట నిలువు గీత. కాలం మారవచ్చు, స్వరం మారవచ్చు, మాట్లాడే మనిషే మారవచ్చు. ఆ తర్వాత 7 నిమిషాలు పక్కవాళ్లతో కలిసి పద్యాన్ని రెండు మామూలు వాక్యాల్లో చెప్పాలి. ఇది పిల్లల పని అనుకుని దాటేయొద్దు, ఎందుకో కింద చెప్తాం.

తర్వాతి 15 నిమిషాలే క్లాసుకు గుండెకాయ. బోర్డును నిలువుగా రెండు చేసి ఎడమవైపు 'కనిపించింది', కుడివైపు 'అనిపించింది' అని రాయండి. ఎడమవైపు కనీసం ఆరు విషయాలు పడేదాకా కుడివైపు సుద్దముక్క పెట్టకూడదు. మొదటి సగం భూతకాలం, రెండోది వర్తమానం. 'నో', 'నైదర్', 'నార్' లాంటి కాదు-లేదు మాటలు రెండో సగంలో గుంపు కట్టాయి. 'నేను' మొదటి సగంలోనే ఉన్నాడు, రెండో సగంలో మాయమయ్యాడు. మూడు స్వరాలు పలికే మాట పద్యం మొత్తానికి ఒక్కటే, 'డయర్నల్'. ఆమె పేరు ఎక్కడా లేదు. చనిపోయిందన్న మాట కూడా లేదు. ఇవన్నీ ఎవరైనా చూపించగలిగినవి, తప్పయితే అక్కడికక్కడే తేలిపోయేవి. భయస్తులకు నోరు పెగిలేది ఇక్కడే.

ఇంకో 10 నిమిషాలు వాదన: చివర్లో రాళ్లతో చెట్లతో తిరగడం ఓదార్పా, భయమా? ఒక వైపు ఎంచుకుని, ఎడమ గడిలోంచి ఒక మాట సాక్ష్యంగా తేవాలి. ఆఖరి 5 నిమిషాల్లో మూడు వాక్యాలు రాసి ఇచ్చి వెళ్లాలి. వాటికి మార్కులు వద్దు.

తప్పేది ఎక్కడంటే, ముందు ఆ 8 నిమిషాల మౌనం దగ్గర. విద్యార్థులు ఓర్చుకుంటారు, ఓర్చుకోలేనిది మనమే. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతులను గమనించి చెప్పింది ఇదే: ప్రశ్న వేశాక టీచర్లు మామూలుగా ఆగేది ఒక సెకను. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవవుతాయి, నోరు విప్పేవాళ్లూ పెరుగుతారు. ప్రశ్న వేశాక మనసులో ఐదు లెక్కపెట్టుకోండి. ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడగడం కూడా మౌనం భరించలేకే. దానివల్ల అప్పటిదాకా ఆలోచిస్తున్నవాడి దారం తెగుతుంది.

రెండోది, మామూలు అర్థాన్ని దాటేయడం. విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ కేంబ్రిడ్జ్ విద్యార్థులకు కవుల పేర్లు దాచి పద్యాలిచ్చి, వాళ్లు రాసిన వ్యాఖ్యలను 1929లో పుస్తకంగా తెచ్చాడు. మొత్తం 13 పద్యాలు. చదవడంలో వచ్చే చిక్కులు పదింటిని అందులో లెక్కగట్టాడు. వాటిలో మొట్టమొదటిది వాక్యం ఏమంటోందో తెలియకపోవడమే. మిగతావాటిలో రెండు మన క్లాసుల్లో రోజూ కనిపిస్తాయి. పద్యం ఏదో సొంత జ్ఞాపకాన్ని తట్టిలేపితే దాన్నే పద్యార్థం అనుకోవడం ఒకటి. చావు అనగానే దుఃఖం, అమ్మ అనగానే త్యాగం అన్నట్టు ముందే సిద్ధంగా ఉన్న స్పందనను పద్యం మీద పోసేయడం ఇంకొకటి. క్లాసులో వచ్చే తప్పు జవాబు ఏ రకానిదో గుర్తుపడితే సరిదిద్దడం సులువు. మొదటి రకానికి వ్యాకరణం చూపించాలి, తర్వాతి రెండింటికి 'ఆ మాట ఎక్కడుంది?' అని అడగాలి.

ప్రశ్న: క్రిటికల్‌గా ఆలోచించడమంటే తప్పులు వెతకడమా? మాకు నచ్చిన కథను కూడా తిట్టాలా? (బి.ఎ. విద్యార్థి)

అక్కర్లేదు. 'విమర్శించాడు' అంటే 'తిట్టాడు' అని పేపర్లలో అర్థం స్థిరపడింది గానీ, ఆ మాటకు అసలు అర్థం బాగా తరచి చూడటం, ఆలోచించడం. ఇంగ్లీషు మాటకు మూలమైన గ్రీకు క్రియకూ వేరుచేయడం, తీర్పు చెప్పడం అనే అర్థాలు. జల్లెడ పట్టడం అనుకోండి. నచ్చిన కథ ఎందుకు నచ్చిందో, ఏ పేరాలో నచ్చడం మొదలైందో చెప్పగలిగితే అదీ విమర్శే. తిట్టడం కన్నా అదే కష్టం.

ప్రశ్న: నా ఎస్సే మీద 'కొటేషన్లు ఉన్నాయి, విశ్లేషణ లేదు' అని రాసిచ్చారు. నేను రాసింది ఇది: 'కవి ఆమె మరణానికి చాలా బాధపడుతున్నాడు. "ఇప్పుడామెకు కదలిక లేదు, బలం లేదు" అంటాడు. ఇది అతని బాధను చూపిస్తుంది.' ఇందులో ఇంకేం కావాలి? (బి.ఎ. విద్యార్థిని)

మధ్యలో ఒక వాక్యం కావాలి. మీరు ఒక మాట అన్నారు, ఒక సాక్ష్యం తెచ్చారు. ఆ సాక్ష్యం నుంచి ఆ మాట ఎలా పుట్టిందో చెప్పలేదు. 'ఇది చూపిస్తుంది' అని అనేస్తే చూపించినట్టు కాదు.

స్టీఫెన్ టూల్మిన్ అనే తత్వవేత్త 1958లో వాదనను భాగాలుగా విప్పి చూపించాడు. అందులో మీకు ముఖ్యమైనవి మూడు: అన్నమాట, ఆధారం, రెంటినీ కలిపే లంకె. మన తర్కశాస్త్రం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది. అంతటితో ఆగితే చాలదు, పొగ ఉన్నచోట నిప్పుంటుందన్న వ్యాప్తి చెప్పాలి. సాహిత్యం ఎస్సేల్లో నూటికి తొంభై పాళ్లు రాలిపోయేది ఈ లంకే. రాసేవాడికి అది తెలిసిందేగా అనిపిస్తుంది, అందుకే రాయడు.

ఇప్పుడు మీ లంకెను బయటికి తీసి చూద్దాం: 'కదలిక లేదు, బలం లేదు అనేవాడు బాధపడుతున్నట్టే.' నిజమేనా? 'మోషన్', 'ఫోర్స్' భౌతికశాస్త్రంలో వస్తువుల గురించి చెప్పే మాటలు. ఏడ్చే మనిషి నోట రావలసిన మాటలు కావు. పద్యంలో బాధ అన్న పదం గానీ, కన్నీళ్లు గానీ లేవు. లంకెను రాసి చూసుకుంటే మొదట అన్నమాటే బలహీనమని తెలిసిపోతుంది. దాన్ని దిద్దుకోవాలి. ఇలా:

'రెండో చరణంలో మాట్లాడే వ్యక్తి తన బాధను పేరు పెట్టి చెప్పడు. "మోషన్", "ఫోర్స్" అని వస్తువులను కొలిచే మాటలతో ఆమెను వర్ణిస్తాడు. మొదటి చరణంలో ఆమె "థింగ్"లా అనిపించిందన్నది మగతలో వచ్చిన ఊహ. రెండో చరణానికి ఆ ఊహ అక్షరాలా నిజమైంది. తన ఊహే ఇలా ఎదురుతిరిగినందువల్ల బహుశా అతనికి మాట రావడం లేదు. ఈ నిబ్బరాన్ని ప్రశాంతత అని కూడా చదవవచ్చు గానీ, వరసగా వచ్చే "లేదు, లేదు" అన్న మాటలు అందుకు అడ్డొస్తాయి.'

కొటేషన్ మీ పేరాలో ఒక పూర్తి పంక్తి, ఇందులో విడివిడి మాటలే. కొటేషన్ ఎంత చిన్నదైతే దాని మీద అంత పని చేయక తప్పదు. 'బహుశా' అన్నచోట అన్నమాట బలాన్ని కొలిచి వాడాం. చివరి వాక్యంలో ఎదుటివాడి అభ్యంతరాన్ని మనమే తెచ్చి జవాబిచ్చాం. ఎస్సే అంతా ఇలా రాయనక్కర్లేదు. పేజీకి ఒక్క పేరా ఇలా ఉంటే చాలు, దిద్దేవాళ్లకు తేడా తెలుస్తుంది. రాసిన ప్రతి కొటేషన్ పక్కన పెన్సిలుతో 'అయితే ఏంటి?' అని రాసుకోండి. తర్వాతి వాక్యం దానికి జవాబు చెప్పకపోతే కొటేషన్ కొట్టేయండి.

ప్రశ్న: సాహిత్యంలో ఎవరి అర్థం వారిదే అంటారు. మరి నా అర్థం తప్పని ఎలా దిద్దుతారు? (ఎం.ఎ. విద్యార్థి)

న్యాయమైన ప్రశ్న. పై పద్యాన్నే క్లీంత్ బ్రూక్స్ ఒకలా చదివాడు, ఎఫ్.డబ్ల్యు. బేట్సన్ ఇంకోలా చదివాడు. ప్రాణమున్న మనిషి రాయిలా జడమైపోయిందన్న దిగ్భ్రాంతి బ్రూక్స్‌కు కనిపించింది. బేట్సన్‌కు ఆమె ప్రకృతిలో కలిసి అంతకన్నా పెద్ద జీవితంలో భాగమైందన్న భావం కనిపించింది. ఇ.డి. హిర్ష్ 1967లో వచ్చిన తన పుస్తకంలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, పరస్పరం పొసగని అర్థాల్లో ఒకదాన్ని ఎలా ఎంచుకోవాలన్న చర్చ చేశాడు. ఇద్దరూ పేరున్న విమర్శకులే, ఇద్దరికీ సాక్ష్యాలున్నాయి. రాళ్లు జడం, చెట్లు సజీవం. పంక్తిలో రెండూ ఉన్నాయి, చివరి మాట చెట్లది.

కాబట్టి సరైన అర్థాలు ఒకటికన్నా ఎక్కువే ఉండొచ్చు. దానర్థం తప్పు అర్థాలు లేవని కాదు. పాఠకుడికి పెద్దపీట వేసిన లూయీస్ రోజెన్‌బ్లాట్ కూడా 1978 నాటి పుస్తకంలో రెండు షరతులు పెట్టింది. మీ అర్థాన్ని పాఠంలోని ఏ భాగమూ కొట్టేయకూడదు. పాఠంలో మాటల ఆసరా లేనిదాన్ని మీరు తెచ్చి అందులో పెట్టకూడదు. మేం దీనికి మూడోది కలుపుతాం: రెండర్థాలు ఈ షరతులు దాటితే, పద్యంలో ఎక్కువ భాగాన్ని లెక్కలోకి తీసుకున్నదే మెరుగు. 'ఆమె నిద్రపోతోంది' అన్నది రెండో షరతు దగ్గరే పడిపోతుంది. మగత కమ్మింది మాట్లాడేవాడి మనసుకు, ఆమెకు కాదు.

అభిమానించిన అర్థాన్ని వదులుకోవడం ఎవరికైనా కష్టమే. రాత నేర్పే అధ్యాపకుడు పీటర్ ఎల్బో 1973లో ప్రతిపాదించిన 'నమ్మే ఆట, అనుమానించే ఆట' అందుకు పనికొస్తుంది. మీకు నచ్చని అర్థాన్ని 10 నిమిషాలు మనస్ఫూర్తిగా నమ్మి దానికి సాక్ష్యాలు పోగు చేయండి. తర్వాత 10 నిమిషాలు మీ సొంత అర్థాన్ని పగవాడిదనుకుని పట్టిచూడండి. వరుస మారితే ఫలితం ఉండదు. అనుమానంతో మొదలుపెట్టినవాళ్లు నమ్మడానికి తిరిగి రారు.

'కవి ఉద్దేశం ఇదేనని ఉత్తరంలో రాశాడుగా' అంటారేమో. ఉద్దేశం తెలిసినంత మాత్రాన పద్యం అది సాధించిందని రుజువు కాదు. విమ్‌శాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు 1946లో రాసిన వ్యాసంలో గొడవ పెట్టుకుంది ఈ మాట మీదే. ఉత్తరం ఒక సాక్ష్యం, అంతిమ తీర్పు కాదు.

ప్రశ్న: మా విద్యార్థులకు ఇంగ్లీషు వాక్యమే కష్టం. వాళ్లతో సాహిత్య విమర్శ అంటే అత్యాశ కాదా? (ఒక అధ్యాపకుడు)

భాష బలహీనమైతే ఆలోచన బలహీనమని ఎవరన్నారండీ? చర్చ తెలుగులో జరగనివ్వండి. రాత ఇంగ్లీషులో, అదీ మూడు వాక్యాలతో మొదలుపెట్టండి. 'ఈ మాట ... అని సూచిస్తోంది, ఎందుకంటే ...', 'ఇలా కూడా చదవవచ్చు, కానీ ...' లాంటి నాలుగు వాక్యాల చట్రాలు ఇంగ్లీషులో అట్టమీద రాసి గోడకు తగిలించండి. నెల తర్వాత తీసేయండి. తీయకపోతే అవే కొత్త బట్టీ అవుతాయి.

మీ విద్యార్థుల దగ్గర ఇంగ్లీషొక్కటే వచ్చినవాళ్లకు లేని పనిముట్టు ఒకటుంది, అనువాదం. తర్జుమా చేయాలంటే ప్రతి మాట దగ్గరా ఎంపిక చేసుకోవాలి, ఎంపికకు కారణం చెప్పాలి. విమర్శ పని కూడా అదే. 'డయర్నల్ కోర్స్' అన్నచోట 'రోజువారీ తిరుగుడు' అంటే చులకనగా ఉంది, 'దైనందిన గమనం' అంటే ఊరేగింపులా ఉంది, 'అహర్నిశల భ్రమణం' అంటే పంచాంగంలా ఉంది. ఏది కావాలి, ఎందుకు? చిన్నచిన్న మాటల మధ్య కవి ఆ ఒక్క పొడుగు లాటిన్ మాటను ఎందుకు దించాడో అప్పుడు అర్థమవుతుంది. ఇంట్లో మాటల మధ్య ఖగోళశాస్త్రం చొరబడినట్టుంటుంది.

ఇంకా మంచిది 'షి నైదర్ హియర్స్ నార్ సీస్'. తెలుగులో 'ఆమె వినదు', 'అది వినదు' – క్రియ ఒకటే. సర్వనామం తీసేసి 'వినదు, చూడదు' అంటే మనిషి గురించో వస్తువు గురించో చెప్పలేం. మొదటి చరణంలో 'థింగ్' అన్న మాట వేసిన బీజం తెలుగు వ్యాకరణంలో దానంతటదే మొలుస్తుంది. ఇంగ్లీషు పద్యం మాత్రం 'షి'ని వదల్లేదు. వస్తువైపోయిందని చెప్తూనే 'ఆమె' అని పట్టుకుని ఉంది. మరి తెలుగులో సర్వనామం ఉంచాలా, తీయాలా? దీని మీద క్లాసు ఇరవై నిమిషాలు కొట్టుకుంటుంది. గౌరవంగా 'వినరు' అనాలన్నవాళ్లుంటే ఇంకో పది నిమిషాలు.

ప్రశ్న: ఎం.ఎ.లో సిద్ధాంతాలన్నీ చెప్తున్నాం. కథ ఏదైనా సరే 'ఇందులో పితృస్వామ్యం కనిపిస్తుంది', 'ఇది వలసవాద రచన' అని ముద్ర కొట్టి వదిలేస్తున్నారు. సిద్ధాంతం ముందు చెప్పాలా, పాఠం ముందా? (ఒక అధ్యాపకురాలు)

పాఠం ముందు. సిద్ధాంతం ప్రశ్నగా రావాలి, జవాబుగా వస్తే ముద్రే అవుతుంది. ఏ సిద్ధాంతాన్నయినా రెండు ప్రశ్నలకు కుదించి ఇవ్వండి. స్త్రీవాదం: ఇందులో ఎవరు చూస్తున్నారు, ఎవరు చూడబడుతున్నారు? మార్క్సిజం: ఇందులో ఎవరి శ్రమ కనిపించకుండా జరుగుతోంది, దేనికి యజమాని ఉన్నాడు? వలసానంతర విమర్శ: ఎవరికి మాట ఉంది, ఎవరికి లేదు?

ఈ చివరి ప్రశ్న ఎంత సూటిగా పనిచేస్తుందో నైజీరియా నవలాకారుడు చినువా అచెబె 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసం చూపిస్తుంది. జోసెఫ్ కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'లో ఆఫ్రికన్లకు మాట్లాడే అవకాశం ఎన్నిచోట్ల దక్కిందో వెతికి, రెండే రెండు సందర్భాలు చూపించి, ఆ రెండూ కాన్రాడ్ ఎందుకు ఇచ్చాడో విప్పి చెప్పాడు. అంత ఘాటైన ఆరోపణ లెక్కపెట్టగలిగిన మాటల మీద నిలబడింది. దానితో విభేదించేవాళ్లు కూడా ఆ పేజీలకే వెళ్లాలి. మీ విద్యార్థులకు ముందు ఈ పద్ధతి పట్టుబడితే పరిభాష తర్వాత నేర్చుకోవచ్చు.

క్లాసులో చేయించడానికి బ్లేక్ రాసిన 'లండన్' బాగుంటుంది. 1794లో అచ్చయింది. బ్లేక్ నోటుపుస్తకపు చిత్తుప్రతిలో వీధికీ థేమ్స్ నదికీ 'డర్టీ' అన్న విశేషణం ఉంది. అచ్చులో అది 'చార్టర్డ్' అయింది. సిద్ధాంతం పేరెత్తకుండా రెండు మాటలూ బోర్డు మీద రాసి తేడా ఏమిటని అడగండి. మురికి అనేది కళ్లకు కనిపించేది, కడిగితే పోయేది. చార్టర్ అంటే పైవాళ్లు కొందరికి కాగితం మీద రాసిచ్చిన హక్కు. పారే నదికి కూడా హక్కుపత్రం రాశారంటే ఎవరి కోసం రాశారు? ఇక్కడిదాకా వచ్చాక మార్క్సిస్టు విమర్శలోంచి రెండు పేజీలిస్తే, విద్యార్థి దాన్ని తన ప్రశ్నకు జవాబుగా చదువుతాడు.

రెండు నియమాలు పెట్టండి. ఎస్సేలో వాడిన ప్రతి పారిభాషిక పదం పక్కనే దాన్ని తీసేసి మామూలు మాటల్లో అదే వాక్యం రాయగలగాలి. రాయలేకపోతే ఆ పదం అర్థం కానట్టే. రెండోది, సిద్ధాంతానికి లొంగని పంక్తి ఒకటి చూపించాలి. లొంగనిది ఏదీ కనిపించలేదంటే పాఠం చదవలేదనే అనుమానించండి.

జెరల్డ్ గ్రాఫ్ 1980ల నుంచీ చెప్తున్న 'తగాదాలనే బోధించండి' అన్న సూచన కూడా ఇక్కడ పనికొస్తుంది. ఒకే రచన మీద పడని ఇద్దరు విమర్శకుల నుంచి చెరో పేజీ ఇచ్చి, వాళ్లు నిజంగా ఏ మాట దగ్గర విడిపోయారో ఒక్క వాక్యంలో రాయమనండి. వినడానికి తేలిక, రాయడం చాలా కష్టం.

ప్రశ్న: పరీక్షలో బట్టీకి లొంగని ప్రశ్నలు ఎలా ఇవ్వాలి? దిద్దేటప్పుడు ఒక్కొక్కరం ఒక్కోలా మార్కులేస్తున్నాం. (అధ్యాపకుల బృందం)

గుర్తుంచుకోవడం నుంచి పై మెట్ల దాకా ఆలోచనను వరుసపెట్టే బ్లూమ్ వర్గీకరణ చూసి ప్రశ్నలో క్రియలు మార్చితే సరిపోతుందన్న భ్రమ ఒకటి బాగా పాకింది. 'వివరించుము' తీసి 'మూల్యాంకనం చేయుము' అని పెడతారు. గైడులో మూల్యాంకనం కూడా దొరుకుతుంది. క్రియ కాదు, ప్రశ్నలోని సరుకు మారాలి.

'పద్యంలో మృత్యువు అనే ఇతివృత్తాన్ని చర్చించండి' బదులు: 'నాలుగో పంక్తికీ ఐదో పంక్తికీ మధ్య ఏం జరిగింది? పద్యం దాన్ని ఎందుకు చెప్పలేదు?' 'లండన్ పద్య సారాంశం రాయండి' బదులు: 'చిత్తుప్రతిలో డర్టీ, అచ్చులో చార్టర్డ్. చిత్తుప్రతి మాటే మెరుగని వాదించి, మీ వాదనను మీరే ఖండించండి.' అన్నిటికన్నా ముఖ్యం, చూడని పద్యం. 12 నుంచి 16 పంక్తులది, కష్టమైన మాటలకు అర్థాలిచ్చి, పేపరులో ఒక్కటైనా ఉండాలి. క్లాసులో చేయించకుండా పరీక్షలో పెడితే అన్యాయం. సెమిస్టర్‌లో కనీసం నాలుగుసార్లు చేయించాకే పెట్టండి.

20 మార్కులకు మేం సూచించే పంపకం: మామూలు అర్థం సరిగ్గా పట్టుకున్నందుకు 4, సాక్ష్యాల ఎంపికకు 5, సాక్ష్యానికీ అన్నమాటకూ లంకె కట్టినందుకు 6, ఇంకో అర్థాన్ని లెక్కలోకి తీసుకున్నందుకు 3, భాషకు 2. భాషకు రెండేనా అని అడుగుతారు. దానికి విడిగా గడి ఇవ్వకపోతే మిగతా 18లోకీ దొంగతనంగా దూరుతుంది. చక్కటి ఇంగ్లీషులో ఏమీ చెప్పని జవాబుకు 14, తప్పుల ఇంగ్లీషులో మంచి పరిశీలనకు 8 పడేది అందువల్లే.

దిద్దే ముందు అందరూ అవే ఐదు పేపర్లు విడివిడిగా దిద్ది పోల్చుకోండి. మూడు మార్కులకు మించి తేడా వచ్చిన పేపరు గురించి మాట్లాడుకోండి. సగటు వేసి సర్దుకోవద్దు, ఏ గడిలో తేడా వచ్చిందో చూడండి. సాధారణంగా లంకె గడిలోనే వస్తుంది, ఎందుకంటే విద్యార్థి రాయని లంకెను మనమే మనసులో పూరించుకుని మార్కులేస్తుంటాం.

ప్రశ్న: క్లాసులో 80 మంది. మీరు చెప్పే చర్చలు సాధ్యమా? (ఒక అధ్యాపకుడు)

80 మందితో ఒక చర్చ సాధ్యం కాదు, 40 జంటలతో 40 చర్చలు సాధ్యం. ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన పద్ధతి ఇందుకు చాలు: ముందు ఒక్కరే ఆలోచించాలి, తర్వాత పక్కవాళ్లతో, ఆ తర్వాత అందరితో. మొదటి మెట్టులో రాత తప్పనిసరి చేయండి, లేకపోతే జంటలో ఒకరు మాట్లాడితే ఇంకొకరు తలూపుతారు. చివర్లో 'మీ అభిప్రాయం' అడగకుండా 'మీ పక్కవారి అభిప్రాయం' చెప్పమనండి. క్లాసు చివర రాసిచ్చిన మూడేసి వాక్యాల కాగితాలు 80 చదవనక్కర్లేదు. చేతికొచ్చిన పది చదివి, వాటిలో ఎక్కువగా కనిపించిన ఒక్క తప్పును మర్నాడు మొదటి ఐదు నిమిషాల్లో బోర్డు మీద దిద్దండి.

ప్రశ్న: ఎస్సే ఇంటికిస్తే కృత్రిమ మేధతో రాయించి తెస్తున్నారు. దొంగను పట్టే సాఫ్ట్‌వేర్ వాడాలా? (ఒక అధ్యాపకురాలు)

దాని మాట మీద ఎవరికీ శిక్ష వేయకండి. సొంతంగా రాసినదాన్ని కూడా యంత్రం రాసిందని పొరబడుతుంది. రాత జరిగే చోటు మార్చడం మేలు. మొదటి చిత్తు క్లాసులోనే, 15 నిమిషాలు, చేత్తో. ఇంటి దగ్గర దాన్ని సాగదీసి తేవచ్చు, కానీ చిత్తుకాగితం జతచేయాలి. అనుమానమున్న చోట మూడు నిమిషాలు కూర్చోబెట్టి 'ఈ కొటేషన్ తీసేస్తే నీ వాదన ఏమవుతుంది?' అని అడగండి.

యంత్రం రాసిన పేరానే ఒకరోజు పాఠంగా తీసుకోండి. మీరే ఈ ఎనిమిది పంక్తుల మీద ఒక పేజీ రాయించి, అందరికీ ఇచ్చి, మూడు రంగుల్లో గీయించండి. పద్యంలో చూపించగలిగిన వాక్యాలు ఆకుపచ్చ, ఏ పద్యానికైనా అతికేవి పసుపు, తప్పువి ఎరుపు. కొటేషన్లను పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చమనండి, లేని పంక్తులు కూడా తేలవచ్చు. పసుపు ఎక్కువైతే ఆశ్చర్యపోవద్దు. మర్నాడు అదే మూడు రంగుల పెన్సిళ్లు వాళ్ల సొంత ఎస్సేల మీద పెట్టించండి.